ఉచిత బస్సు పథకాన్ని స్త్రీ పురుష సమానత్వ దృష్టితో మూల్యాంకనం చేయడం ఎలా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఉచిత బస్సు పథకాన్ని ఒక జిల్లాలో సమానత్వ కోణం నుంచి మూల్యాంకనం చేసే బాధ్యత వారి సంస్థకు వచ్చింది. లబ్ధిదారులు దాదాపు అందరూ మహిళలే అయినప్పుడు ఇక జెండర్ కోణంలో చూడవలసింది ఏముంటుంది, ఛార్జీ లేకుండా కండక్టరు కొట్టి ఇచ్చే జీరో టికెట్ల లెక్క తీసి నివేదిక ఇస్తే సరిపోదా అన్నది మొదటి సందేహం. రైతులకు ఇచ్చే పెట్టుబడి సాయం వంటి ‘అందరి’ పథకాలకు కూడా ఇటువంటి పరిశీలన అవసరమా అన్నది రెండవది.

మొదటిదానికి నా సమాధానం: సరిపోదు. జీరో టికెట్ల లెక్క ప్రయాణాల సంఖ్యను మాత్రమే చెబుతుంది. ఒకే మహిళ రోజూ నాలుగుసార్లు ఎక్కినా, నలుగురు మహిళలు ఒక్కొక్కసారి ఎక్కినా ఆ లెక్కలో తేడా కనిపించదు. అసలు బస్సు ముఖమే చూడని ఊళ్ళలోని మహిళలు అందులో ఉండనే ఉండరు. సమానత్వ దృష్టితో మూల్యాంకనం చేయడమంటే మహిళలకు ఎంత అందిందో లెక్కించడం కాదు. పథకానికి ముందు స్త్రీ పురుషుల మధ్య ఉన్న ఎడం ఎక్కడ తగ్గిందో, ఎక్కడ అలాగే ఉండిపోయిందో, ఎక్కడైనా పెరిగిందో తేల్చడం. రెండవ సందేహానికి సమాధానం ఇంకా సూటిగా చెప్పవచ్చు. ‘అందరి’ పథకాలకే ఈ పరిశీలన ఎక్కువ అవసరం. దాని గురించి చివర్లో వ్రాస్తాను.

నేను రెండు దశాబ్దాలకు పైగా తెలుగు జిల్లాల్లో గ్రామీణ పథకాల మూల్యాంకన బృందాల్లో పనిచేస్తున్నాను. ఇక్కడ చెబుతున్నవాటిలో సగానికి పైగా నేను తప్పు చేసి నేర్చుకున్నవే.

ముందుగా ‘ఎడం’ అంటే దేని మధ్య ఎడమో తేల్చుకోండి. ప్రయాణం విషయంలో అది కేవలం ఛార్జీ డబ్బుల ఎడం కాదు. ఊళ్ళో మగవారికి సైకిలో, మోటారు సైకిలో ఉంటుంది. ఇంట్లో బండి ఉన్నా దాని తాళం చెవి సాధారణంగా మహిళ చేతిలో ఉండదు. కాబట్టి ఆమెకు బస్సు ఒక ప్రత్యామ్నాయం కాదు, చాలాసార్లు అదొక్కటే మార్గం. ఛార్జీ తీసేయడం వల్ల డబ్బు అడ్డు తొలగింది. సమయం, భద్రత, ఇంట్లోవారి అనుమతి అనే అడ్డంకులు తొలగాయా లేదా అన్నది విడిగా చూడవలసిన సంగతి. మీ ప్రశ్నావళి మొత్తం ఛార్జీ చుట్టూ తిరిగితే, మీకు వచ్చే జవాబు కూడా ‘డబ్బు మిగిలింది’ అన్న ఒక్కటే అవుతుంది. దానికోసం జిల్లా అంతా తిరగనక్కరలేదు.

మిగిలిన డబ్బు గురించి కూడా ఒక ప్రశ్న అడగవలసి ఉంది, చాలా నివేదికల్లో అది కనిపించదు. ఆ డబ్బు ఎవరి చేతిలో మిగిలింది? కూలికి లేదా దుకాణంలో పనికి వెళ్ళే మహిళ తన సంపాదనలోంచి ఛార్జీ పెట్టుకునేదైతే, మిగిలినది ఆమెదే. భర్త దగ్గర ఛార్జీకి డబ్బు తీసుకుని వెళ్ళే మహిళ విషయంలో మిగిలినది భర్త జేబులోనే మిగులుతుంది. ‘బస్సు ఖర్చు లేదు కదా’ అని ఇంటి ఖర్చుకు ఇచ్చేదాంట్లో ఆ మేరకు కోత పెట్టే ఇళ్ళు కూడా ఉంటాయి. మూడు సందర్భాల్లోనూ జీరో టికెట్టు ఒకటే, ఫలితాలు మాత్రం మూడు రకాలు.

ఇప్పుడు సమయం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాలవినియోగ సర్వే చేసింది. మళ్ళీ 2024లో చేసింది. ఇంటిపని చేసినవారిలో సగటు తీస్తే, జీతం లేని ఆ పనికి మహిళలు రోజుకు 2019లో 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు వెచ్చించారు. పురుషులు 97 నిమిషాలు, 88 నిమిషాలు. అంటే ఐదేళ్ళలో మహిళల భారం పది నిమిషాలు తగ్గితే పురుషుల వాటా కూడా దాదాపు అంతే తగ్గింది. ఎడం మాత్రం రెండు వందల నిమిషాల దగ్గరే నిలిచి ఉంది. ఉచిత బస్సు ఈ రెండు వందల నిమిషాల జోలికి వెళ్ళదు, వెళ్తుందని ఎవరూ చెప్పలేదు. కానీ బస్సు వల్ల ఆమె పట్నంలో పనికి చేరి, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి, ఆ తర్వాత అదే వంట, అవే అంట్లు, అదే నీళ్ళు పట్టడం చేస్తూ ఉంటే, ఆమె రోజు పొడవు పెరిగిందని మీ నివేదిక చెప్పగలగాలి. ఉపాధి పెరిగిందని ఒక పేజీలో, నిద్ర తగ్గిందని మరో పేజీలో వ్రాయవలసి రావచ్చు. రెండూ నిజమే అయినప్పుడు రెండూ వ్రాయాలి.

ఇక్కడ చిన్న ముచ్చట. తెలంగాణలో ఉచిత ప్రయాణం మొదలైన కొన్నాళ్ళకు, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మహిళల వీడియో ఒకటి సామాజిక మాధ్యమాల్లో తిరిగింది, చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం అది కాలవినియోగ సర్వేకు పాఠంలా అనిపించింది. ప్రయాణ సమయంలో కూడా ఇంటిపని ఆగలేదన్నమాట. మీరు సమయం లెక్క తీసేటప్పుడు ఒక పనితో పాటు జరిగే రెండో పనిని కూడా అడిగి వ్రాసుకోండి, లేకపోతే ఇటువంటి పని లెక్కలోకి రాదు.

అనుమతి విషయం నేర్పినది ఒక ముసలమ్మ. చాలా ఏళ్ళ క్రితం వేరే పథకం సర్వేలో ‘ఊరు దాటి వెళ్ళాలంటే ఎవరి అనుమతి తీసుకుంటారు’ అనే ప్రశ్న పెట్టుకుని వెళ్ళాం. దాదాపు అందరూ ‘ఎవరి అనుమతీ అక్కరలేదు’ అన్నారు. మేము సంతోషించి అదే వ్రాసుకున్నాం. మూడో రోజున ఒక పెద్దావిడ మా ప్రశ్న విని, ‘అనుమతి ఏమిటి బాబూ, నేను చెప్పి వెళ్తాను, నా కోడలు అడిగి వెళ్తుంది’ అంది. చెప్పి వెళ్ళడానికీ అడిగి వెళ్ళడానికీ ఉన్న తేడాను మా ప్రశ్నావళిలోని ‘అనుమతి’ అనే పెద్ద మాట పట్టుకోలేకపోయింది. అప్పటి నుంచి నేను ఆ ప్రశ్నను ఆమె మాటల్లోనే అడుగుతున్నాను: డాక్టరు దగ్గరికి, సంతకు, పుట్టింటికి, స్నేహితురాలి ఇంటికి, ఒక్కోదానికి విడివిడిగా, ‘చెప్పి వెళ్తారా, అడిగి వెళ్తారా, తోడు తీసుకుని వెళ్తారా?’ ఉచిత బస్సు వచ్చాక ‘అడిగి’ నుంచి ‘చెప్పి’కి మారిన ప్రయాణాలు ఏవో పట్టుకోగలిగితే, మీ నివేదికలో అదే అన్నిటికంటే విలువైన పట్టిక అవుతుంది.

ఈ సందర్భంలోనే ఇంకో హెచ్చరిక. ప్రయాణ కారణాలను ‘ఉత్పాదక’, ‘అనుత్పాదక’ అని విడదీసే అలవాటు కొందరు అధికారులకు ఉంది. పనికి, చదువుకు, ఆసుపత్రికి వెళ్తే మేలు. గుడికి, పుట్టింటికి, పెళ్ళికి వెళ్తే దుబారా అన్నట్టు. నేను దానితో ఏకీభవించను. మగవాడు సాయంత్రం బండి మీద పక్క ఊరు వెళ్ళి టీ తాగి వస్తే దాన్ని ఎవరూ ఏ పట్టికలోనూ వ్రాయరు. జబ్బుపడిన తల్లిని చూడటానికి నెలకు రెండుసార్లు పుట్టింటికి వెళ్ళగలగడం ఒక మహిళ జీవితంలో చిన్న మార్పు కాదు.

బేస్‌లైన్, అంటే పథకానికి ముందటి పరిస్థితి లెక్క, లేకపోవడం మీకు ఎదురయ్యే అతి పెద్ద ఇబ్బంది. పథకానికి ముందు సాధారణ టికెట్టు మీద స్త్రీ అనో పురుషుడు అనో ఉండేది కాదు, కాబట్టి అంతకు ముందు మహిళలు ఎన్ని ప్రయాణాలు చేశారో డిపో రికార్డుల్లో దొరకదు. జ్ఞాపకం మీద ఆధారపడి ‘పథకానికి ముందు నెలకు ఎన్నిసార్లు బస్సెక్కారు’ అని అడిగితే జవాబు వస్తుంది గానీ, అది నమ్మదగినది కాదు. దానికంటే ‘ఉచిత బస్సు రాకముందు వచ్చిన ఉగాదికి ఎక్కడికి వెళ్ళారు, ఎలా వెళ్ళారు, ఎంతయింది’ అని పండుగకో పొలం పనికో ముడిపెట్టి అడగండి. ఎలాగూ గతాన్ని తిరిగి కొలవలేం కాబట్టి, పోల్చడానికి వీలున్న మనుషులనూ ఊళ్ళనూ వెదకాలి.

ఇందుకు మీకు ఒక మంచి అవకాశం ఉంది. తెలంగాణలో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న. మధ్య ఇరవై నెలలు సరిహద్దుకు ఒక వైపు మహిళలు ఉచితంగా తిరిగారు, మరో వైపు మహిళలు టికెట్టు కొన్నారు. కోదాడ, జగ్గయ్యపేట వంటి ప్రాంతాలను తీసుకోండి. రెండూ సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోవే, రెండూ హైదరాబాద్–విజయవాడ రహదారి మీదవే, పంటలూ కూలి పనులూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ ఇరవై నెలల్లో అటు అమ్మాయిల కాలేజీ ఎంపికలో, మహిళల పనిలో ఏమైనా తేడా వచ్చిందా అని వెదకవచ్చు. అయితే జాగ్రత్త అవసరం. తెలంగాణలో ఆ కాలం మొదలయ్యే ముందే, ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలం మధ్యలో ప్రభుత్వాలు మారాయి, వేరే పథకాలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పింఛను నాలుగు వేలయింది. తేడా కనిపించినంత మాత్రాన అది బస్సు వల్లనే అని వ్రాయకూడదు. ఒకే మండలంలో రోజుకు పది ట్రిప్పులు ఉన్న ఊరినీ, రెండే ఉన్న ఊరినీ, బస్సే రాని ఊరినీ పక్కపక్కన పెట్టి చూడటం ఇంతకంటే తేలిక, కొన్నిసార్లు ఇంతకంటే నమ్మదగినది కూడా.

పోలిక ఎంత బలమైనదో తెలుసుకోవాలంటే పంచాయతీ రిజర్వేషన్ల మీద జరిగిన పని చూడండి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత మహిళలకు కేటాయించిన సర్పంచ్ స్థానాలు రొటేషన్‌లో వస్తాయి కాబట్టి, రిజర్వు అయిన ఊరికీ కాని ఊరికీ ముందునుంచీ పెద్ద తేడా ఉండదు. ఆ వీలును వాడుకుని పరిశోధకులు రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తర్ డుఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో పరిశీలించి, మహిళలు నాయకత్వం వహించిన పంచాయతీలు ఆ ప్రాంత మహిళలు ఎక్కువగా అడిగే పనుల మీద, ముఖ్యంగా తాగునీటి మీద ఎక్కువ ఖర్చు చేశాయని 2004లో చూపారు. ‘పేరుకే ఆవిడ, పెత్తనం ఆయనది’ అనే మాట మన దగ్గరా వింటూ ఉంటాం. అందులో నిజం లేకపోలేదు గానీ, కొలిచి చూస్తే కథ అంతటితో ముగియలేదని ఆ పరిశోధన వల్ల తెలిసింది.

మహిళలందరినీ ఒకే ముద్దగా తీసుకోవడం నేను చేసిన పెద్ద తప్పు. ఒక తాగునీటి పథకం మూల్యాంకనంలో మహిళల సగటు నీటి సమయం బాగా తగ్గిందని సంతోషంగా వ్రాశాను. తర్వాత అదే డేటాను వాడలవారీగా విడదీసిన ఒక కుర్ర సహోద్యోగి, ఊరి చివరి దళితవాడలో సమయం పెరిగిందని చూపించాడు. కొత్త ట్యాంకు ఊరి నడుమ కట్టారు, వాడకు చివరి లైను వేశారు, ఒత్తిడి లేక నీళ్ళు రాత్రి పూట వచ్చేవి. సగటు అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని విడదీసి అడగలేదు. మీ సర్వేలో కనీసం ఈ విడదీతలు ముందే ప్లాన్ చేసుకోండి, శాంపిల్‌ను దానికి తగినట్టు పెంచుకోండి: ఒంటరి మహిళలు, వితంతువులు, ఎస్సీ, ఎస్టీ వాడలు, ముస్లిం మహిళలు, వికలాంగ మహిళలు, కాలేజీ వయసు అమ్మాయిలు. పథకం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడా వర్తిస్తుంది గనుక, గుర్తింపు కార్డులో ఉన్న వివరాలకూ మనిషికీ పొంతన కుదరనప్పుడు కండక్టరు దగ్గర వారికి ఏం ఎదురవుతోందో వారినే అడగాలి.

వ్యవసాయ కూలీల సంగతి ఇక్కడే చెప్పాలి. పత్తి తీతకు, మిరపకాయల కోతకు వెళ్ళే మహిళలు తెల్లవారకముందే మేస్త్రీ పంపిన ఆటోలోనో, ట్రాలీలోనో గుంపుగా వెళ్తారు. వారు దిగవలసింది బస్టాండులో కాదు, పొలం గట్టు మీద. మొదటి బస్సు వచ్చేసరికి వారు సగం సాలు పని చేసి ఉంటారు. ఆ ఆటో బాడుగ వారి కూలిలోంచే పోతుంది. గ్రామాల్లో అతి పేద మహిళల్లో పెద్ద భాగం వీరే. ఈ పథకం వీరి రోజువారీ ప్రయాణాన్ని తాకదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ మీది గూడేల మహిళల పరిస్థితీ ఇదే. అక్కడ జీపు ఎక్కాలి, లేదా నడవాలి. వీరిని శాంపిల్‌లోకి తెచ్చుకోవాలంటే బస్టాండులో నిలబడి సర్వే చేయడం మానేయాలి. బస్టాండులో నిలబడితే బస్సు అందినవారే దొరుకుతారు, వారంతా బాగుందనే చెబుతారు.

పురుషులను మరచిపోవద్దు. సమానత్వ మూల్యాంకనమంటే మహిళలతో మాత్రమే మాట్లాడటమన్న అపోహ ఒకటి ఉంది. ఉచిత బస్సు వల్ల ఆటో డ్రైవర్ల రాబడి పడిపోయిందన్న ఆందోళన రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో డ్రైవర్లకు పదిహేను వేల రూపాయల సాయం మొదలుపెట్టింది. ఇది పథకం ఖర్చులో భాగంగా చూడవలసిన సంగతి. ఆ ఇళ్ళలో ఉన్నదీ మహిళలే; ఆటో కిస్తీ కట్టలేక డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకున్నది భార్య అయితే, ఒక మహిళకు మిగిలిన ఛార్జీ మరో మహిళ మీద అప్పుగా పడిందన్నమాట. అలాగని పథకం చెడ్డదని నేను అనడం లేదు. లాభం ఎవరిదో వ్రాసినవాళ్ళం, నష్టం ఎవరిదో కూడా వ్రాయాలి. డిపోలోని మహిళా కండక్టర్లతో కూడా కూర్చోండి. కిక్కిరిసిన బస్సులో ప్రతి ఒక్కరికీ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టవలసినది వారు. చివరి స్టేజీలో మరుగుదొడ్డి లేని మార్గాల్లో నీళ్ళు తాగడం మానేసి డ్యూటీ చేసేదీ వారే.

సర్వే ఎలా చేయాలన్నదానికి కొన్ని మాటలు. రచ్చబండ దగ్గర సమావేశం పెడితే మగవారు మాట్లాడతారు, మహిళలు వెనక నిలబడి తలాడిస్తారు. నేను ఉపాధి హామీ పని జరిగే చోటికో, సంఘం మీటింగ్ రోజుకో వెళ్ళి విడిగా కూర్చునేవాడిని. మా మహిళా సర్వేయర్లు వెళ్ళిన చోట నాకు దొరికిన దానికంటే రెట్టింపు సమాచారం దొరికేది, కాబట్టి సర్వే బృందంలో వారే ఎక్కువ ఉండేలా చూడండి. బస్సుల్లో వేధింపుల గురించి అడిగేటప్పుడు ఇంట్లో, ఇతరుల ముందు అడగకండి. పేరు వ్రాసుకోకండి. ఎవరైనా తన అనుభవం చెప్పుకుంటే విని వచ్చేయడం న్యాయం కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్ వివరాలైనా చేతిలో ఉంచుకుని వెళ్ళండి. జనం పెరిగిన బస్సులో మహిళల సంఖ్య ఎక్కువై భద్రత పెరిగిందా, తోపులాట ఎక్కువై తగ్గిందా అన్నది ఊహించి వ్రాయవలసిన విషయం కాదు. ఉదయం కాలేజీ వేళ బస్సులో ఒక జవాబు, మధ్యాహ్నం బస్సులో మరో జవాబు రావచ్చు.

అవసరం తీరడం వేరు, స్థానం మారడం వేరు. మీ నివేదికలో ఈ రెండింటినీ వేరుగా పెట్టండి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. పొగ తగ్గింది, కట్టెలు మోసే బాధ తగ్గింది. అయితే వంట ఆమె పనిగానే మిగిలింది, సిలిండరు మళ్ళీ నింపించడానికి డబ్బు లేని నెలలో కట్టెల పొయ్యి కూడా మళ్ళీ వెలిగింది. దీన్ని తక్కువ చేయనక్కరలేదు, అవసరాన్ని తీర్చిన పథకంగా చూస్తే చాలు. దానికి పదమూడేళ్ళ ముందు, 1986లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ వేరే రకం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన ఆ సవరణను వెనకటి తేదీతో, 1985 సెప్టెంబరు 5 నుంచే అమలు చేశారు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. అది స్థానాన్ని మార్చే చట్టం. అయితే అంతకు ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. వర్తించినవారి విషయంలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే చట్టం ప్రతిని కాదు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు వ్రాసి ఇచ్చే హక్కు విడుదల పత్రాలను చూడాలి. ‘పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా’ అన్న ఒక్క మాటతో ఎన్ని వాటాలు వెనక్కి వెళ్ళాయో ఏ శాఖ లెక్కా చెప్పదు. ఉచిత బస్సు మొదటి కోవకు చెందుతుంది, రెండో కోవలోకి జరిగే అవకాశం కొంత ఉంది. మారుమూల ఊరి అమ్మాయి దగ్గర్లో ఉన్న కోర్సును కాక తనకు నచ్చిన కోర్సును దూరపు కాలేజీలో ఎంచుకోగలిగిందా అన్నది ఆ అవకాశాన్ని పట్టిచ్చే ఒక సూచిక.

బడ్జెట్ పత్రాల దగ్గర కూడా ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2005–06 నుంచి జెండర్ బడ్జెట్ ప్రకటన, అంటే బడ్జెట్‌లో మహిళలకు ఉద్దేశించిన ఖర్చుల జాబితా, ఇస్తోంది. నూటికి నూరు శాతం మహిళలకు ఉద్దేశించినవి ఒక భాగంలో, కనీసం 30 శాతం ఉద్దేశించినవి రెండో భాగంలో వస్తాయి. 30 శాతం లోపు వాటికి 2024–25 నుంచి మూడో భాగం కూడా చేర్చారు. ఏళ్ళ తరబడి మొదటి భాగంలో పెద్ద మొత్తం గ్రామీణ ఆవాస్ యోజన ఇళ్ళదే. ఇల్లు మహిళ పేరు మీదో, భార్యాభర్తల ఇద్దరి పేరు మీదో మంజూరవుతుంది కాబట్టి ఖర్చంతా మహిళలకే అని లెక్క. ఒక ఇళ్ళ పథకం పరిశీలనలో నేను పట్టా ఎవరి పేరున ఉందని అడిగితే దాదాపు ప్రతి ఇంట్లోనూ ‘నా పేరునే’ అని మహిళలు చెప్పారు. పట్టా ఎక్కడుందని అడిగితే చాలామంది భర్త వైపు చూశారు. దాని మీద తాకట్టు ఉందా అన్న ప్రశ్నకు ఒకావిడ ‘ఆయన్ని అడిగి చెబుతాను’ అంది. ఆమె పేరు మీద ఉండటం వల్ల ఏ మేలూ లేదని నేను అనడం లేదు. భర్త వదిలేసి పోయిన నాడు ఆ కాగితమే ఆమెను కాపాడుతుంది. అయినా మొత్తం ఖర్చును మహిళల పద్దులో వ్రాసి చేతులు దులుపుకోవడం లెక్క కాదు. ఉచిత బస్సుకు ఆర్టీసీకి చెల్లించే మొత్తాన్ని కూడా ఇలాగే ‘మహిళలపై ఖర్చు’గా చూపుతారు. ఆ మొత్తం సకాలంలో అందుతోందా, అందకపోతే డిపో ఏ ట్రిప్పులు తగ్గిస్తోంది అని అడగండి. సాధారణంగా ముందు తగ్గేది రాబడి లేని పల్లె ట్రిప్పు. ఉచితంగా ఎక్కే హక్కు ఉండి బస్సు లేకుండా పోయేది అక్కడి మహిళకే.

ఇక రెండవ సందేహం. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు నాలుగు వేల చొప్పున పట్టాదారుకు ఇచ్చారు. నిబంధనల్లో స్త్రీ అనో పురుషుడు అనో మాట లేదు. కానీ పట్టా అనే మాట ఉంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళల చేతిలో ఉన్నవి దాదాపు 14 శాతం మాత్రమే. నాట్లు, కలుపు, కోతల్లో సగానికి పైగా చేతులు ఎవరివో పొలం చూసినవారికి చెప్పనక్కరలేదు. కాబట్టి పట్టాను ఆధారం చేసుకున్న ఏ పథకమైనా, ఎవరూ కోరకుండానే, డబ్బును మగవారి ఖాతాల వైపు నడిపిస్తుంది. కౌలుకు చేసుకునే మహిళా సంఘాలకు అసలే రాదు. ‘మహిళల పథకాలు’ అని పేరున్నవాటిలో చాలావాటికంటే ఇటువంటి పెట్టుబడి సాయాల బడ్జెట్ ఎన్నో రెట్లు పెద్దది. జెండర్ కోణాన్ని చిన్న పథకాలకు పరిమితం చేసి పెద్ద పథకాలను వదిలేస్తే, ఎడం ఎక్కడ పెరుగుతోందో అక్కడే మనం చూడనట్టు అవుతుంది. రోడ్లు, మద్యం విధానం, సాగునీరు అన్నీ ఈ కోవలోవే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాల మీద తిరగబడినప్పుడు, అబ్కారీ ఆదాయం అనే ‘అందరి’ పద్దు నిజానికి ఎవరి ఇంటి ఖర్చులోంచి వస్తోందో ప్రభుత్వానికి లెక్క కట్టి చూపించినట్టయింది. 1993లో సారా నిషేధం వచ్చింది. అటువంటి విశ్లేషణ చేసినది మూల్యాంకన నిపుణులు కాదన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

చివరగా మీ నివేదిక గురించి. ముసాయిదా చూసిన అధికారి ప్రతికూల అంశాలను అనుబంధంలోకి నెట్టమని అడగవచ్చు. ఒకసారి ఒక శాఖలో నాకు అదే జరిగింది. ఒప్పుకున్నాను, ఆ అనుబంధాన్ని ముద్రించనేలేదు. ఆ తర్వాత నుంచి నేను ప్రతి అధ్యాయంలోనూ ఒకే పేరాలో, ఒకే వాక్యంలో వీలైతే, తగ్గిన ఎడాన్నీ తగ్గని ఎడాన్నీ కలిపి వ్రాస్తున్నాను. ‘కాలేజీకి వెళ్ళే అమ్మాయిల ప్రయాణ ఖర్చు పోయింది, అయితే సాయంత్రం ఆఖరి బస్సు త్వరగా వెళ్ళిపోవడం వల్ల ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లో వారు ఇప్పటికీ ఆటోకు డబ్బు పెడుతున్నారు’ అన్నట్టు. అటువంటి వాక్యంలో సగం కొట్టేయడం కష్టం. పైగా డిపో మేనేజరు చదివితే, మరుసటి వారమే ఆఖరి బస్సు వేళ మార్చడానికి పనికొస్తుంది.